500 డాలర్ల ఇన్వాయిసు పంపితే చేతికి 39 వేలే వచ్చాయి, మిగతాది ఎటు పోయింది?

బెజవాడ_బొమ్మలు
పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తాను. ఇన్నాళ్లూ ఇక్కడి పబ్లిషర్లకే చేశా. పని అవ్వగానే ఫోన్‌పే కొట్టేవాళ్లు, అయిపోయేది. ఈమధ్య మొదటిసారి అమెరికా క్లయింటు దొరికింది, టెక్సాస్ ఆవిడ. పన్నెండు బొమ్మలకు 500 డాలర్లు. పని అయ్యాక వర్డ్‌లో బిల్లు చేసి పంపితే, "ఇలా కాదు, పద్ధతిగా ఇన్వాయిస్ పంపు, ఆన్‌లైన్‌లో కట్టేలా ఉండాలి" అంది. సరేనని అందరూ వాడే ఒక పేమెంట్ సర్వీసులో ఖాతా తెరిచి అందులోంచే పంపా. రెండ్రోజుల్లో కట్టేసింది. సంబరపడి ఇంట్లో పాయసం కూడా చేశా. మర్నాడు బ్యాంకులో చూస్తే 39,171 రూపాయలు! ఆ రోజు గూగుల్లో డాలరు 85 చూపిస్తోంది. 42,500 రావాలి కదా? పన్నెండు బొమ్మల్లో ఒక బొమ్మ ఊరికే గీసినట్టయింది. మా ఆయనేమో "డాలర్లలో వస్తోంది కదా, ఆ మాత్రం పోనీలే" అంటున్నారు. ఎలా పోనిస్తాం?

రెండో పుస్తకం కూడా నాకే ఇస్తానంటోంది. ఈసారైనా తెలివిగా ఉందామని అడుగుతున్నా. ఈ ఫీజు ఎవరు భరించాలి? ఇన్వాయిసులో ఏమేం రాయాలి? జీఎస్టీ గొడవ ఏమైనా ఉందా?

కోడ్_కూలీ
ఎవరూ మింగలేదండీ. రెండు చోట్ల కోత పడింది, అంతే. స్టేట్‌మెంట్ తెరిచి ఫీజు ఎంతుందో, డాలరును ఎంతకి మార్చారో చూసి ఇక్కడ పెట్టండి.

బెజవాడ_బొమ్మలు
చూశా. ఫీజు 22.30 డాలర్లు. మిగిలిన 477.70ని 82 రూపాయల లెక్కన మార్చారు.

కోడ్_కూలీ
అదే. 22.30 అంటే 4.4 శాతం, పైన 30 సెంట్లు. రూపాయల్లో దాదాపు 1,900. ఇది అందరికీ కనిపించే కోత. కనిపించనిది రెండోది: డాలరుకు 3 రూపాయల చొప్పున 477 డాలర్ల మీద 1,430 పైచిలుకు. రెండూ కలిపితే మీ 3,300 లెక్క సరిపోయింది. వందకి దాదాపు ఎనిమిది.

గూగుల్లో కనిపించే రేటు బ్యాంకులు తమలో తాము మార్చుకునేది. ఆ రేటుకి మనకు మామూలుగా దొరకదు. ఎంత తక్కువకి కోస్తారన్నదే తేడా. మనవాళ్లు ఫీజు శాతం ఒక్కటే చూసి సర్వీసు ఎంచుకుంటారు, అసలు దెబ్బ రేటులో ఉంటుంది.

సీమ_టపాకాయ్
పాయసం ముందే చేసుకోవడం తప్పైపోయింది అక్కా. బ్యాంకు మెసేజ్ వచ్చినాక చేసింటే సగం బెల్లంతో సరిపోయేది.

రాత్రి_షిఫ్టు
ఫీజు క్లయింటు మీదే వెయ్యండి. నేను ఇన్వాయిసులో "ప్రాసెసింగ్ ఫీ" అని వేరే లైను పెడతా. ఎవరూ నోరెత్తలేదు.

డాలస్_బాబాయ్
నోరెత్తరు, రెండోసారి పని ఇవ్వరు. క్లయింటు వైపు నుంచి చెబుతున్నా. నాకిక్కడ చిన్న కంపెనీ ఉంది, ఇండియాలో నలుగురైదుగురు ఫ్రీలాన్సర్లకు నెలనెలా కడతాను. 500 అని మాట్లాడుకుని, చివర్లో 22 డాలర్ల లైను కనిపిస్తే మా అకౌంటెంట్ నాకు ఫోన్ చేసి ఇదేంటని అడుగుతుంది. ఆ ఫోన్ నాకు చిరాకు. అసలు చాలా సర్వీసుల నిబంధనల్లోనే అలా విడిగా వసూలు చేయొద్దని ఉంటుంది. మొదట్లోనే 525 చెప్పమ్మా, హాయిగా ఇస్తాం. మేం చూసేది ముందు చెప్పిన మాట, చివర పంపిన కాగితం ఒకటేనా కాదా అని.

కోడ్_కూలీ
బాబాయ్ చెప్పింది కరెక్ట్. ఒక చిన్న లెక్క మాత్రం. 500 చేతికి రావాలంటే 500కి 22.30 కలిపితే చాలదు. ఫీజు ఆ పెరిగిన మొత్తం మీద కూడా పడుతుంది. 500.30ని 0.956తో భాగిస్తే 523.33. అది అడగాలి. మారకంలో పోయేది ఇంకా వేరే.

ఓరుగల్లు_పిలగాడు
గింత లెక్క జేసేటోళ్లు మా ఆఫీసుల ఉంటే నా బిల్లు ఎప్పుడో వచ్చు. డాలర్లు కాదన్నా, నా గోస రూపాయలల్లనే ఉంది. మాదాపూర్‌ల ఒక కంపెనీకి వీడియో ఎడిటింగ్ జేసిన. 64 వేల బిల్లు. నాలుగు నెలలాయె. అడిగితే "ప్రాసెస్‌ల ఉంది" అంటరు. ఏం ప్రాసెసో ఏమో, గింజలు మొలకెత్తి చెట్లయినయ్.

సబ్‌టైటిల్_సుబ్బి
పిలగాడూ, నీది వేరే రోగం, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు బొమ్మలమ్మ గారూ, మీ మొదటి వర్డ్ బిల్లులో ఏం రాశారో చెప్పండి. ఆవిడ "ఇలా కాదు" అందంటే అక్కడేదో ఉంది.

బెజవాడ_బొమ్మలు
నవ్వొద్దు మరి. పైన దేవుడి బొమ్మ, కింద "బిల్ నం. 1", తేదీ, "పన్నెండు బొమ్మలకు 500/-", కింద అక్షరాల్లో "ఐదు వందల డాలర్లు మాత్రమే", సంతకం. ఆవిడ మొదటి ప్రశ్న, ఐదొందల పక్కన ఆ గీత, మైనస్ గుర్తు ఏంటని!

సీమ_టపాకాయ్
ఐదొందలు బై మైనస్!!! చచ్చిపోయినా నవ్వి.

డాలస్_బాబాయ్
నవ్వకండర్రా, నేను కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడ రెంటు చెక్కు మీద "/-" రాస్తే అపార్ట్‌మెంట్ ఆఫీసులో అమ్మాయి పది నిమిషాలు చూసింది. మనకది ఎవడూ వెనక అంకె కలపకుండా వేసే గడియ. వాళ్లకు తెలియదు.

సబ్‌టైటిల్_సుబ్బి
నేను సబ్‌టైటిల్స్ పని చేస్తాను, ఏడేళ్లుగా బయటి క్లయింట్లే. నా పాఠాలు కొన్ని.

నంబర్ 1 అని ఎప్పుడూ పెట్టొద్దు. మీరు ఈ పనికి కొత్త అని మీరే చెప్పుకున్నట్టు. సంవత్సరం, వరస కలిపి 2526/014 లాగా పెట్టుకోండి. ఎక్కడ మొదలుపెట్టినా తర్వాత మాత్రం వరస తప్పకూడదు.

తేదీ అంకెల్లో రాయొద్దు. ఇది నా నెత్తిన పడింది. గడువు 05/07 అని రాశా, నా ఉద్దేశం జులై 5. వాళ్లు మే 7 అనుకున్నారు. నేను పంపింది జూన్‌లో! "గడువు దాటిపోయాక పంపిన ఇన్వాయిసు" అని వాళ్ల సిస్టమ్ ఎర్ర గుర్తు వేసి పక్కన పడేసింది. మూడు వారాలు నేను ఇటు అలిగి కూర్చున్నా, వాళ్లు అటు నా సమాధానం కోసం కూర్చున్నారు. అప్పట్నుంచి నెల పేరు అక్షరాల్లోనే.

"పన్నెండు బొమ్మలకు" అంటే చాలదు. ఏ పుస్తకం, ఏ పేజీలు, ఏ తేదీన ఫైళ్లు ఇచ్చారు, ఎవరు సరే అన్నారు, ఒక్క వాక్యంలో ఉండాలి. డబ్బు కట్టే మనిషి మీ బొమ్మలు చూసి ఉండదు. ఆ కాగితం ఒక్కటే చూస్తుంది.

డాలస్_బాబాయ్
సుబ్బి చివరి మాటను ఫ్రేము కట్టించుకోండి. పని ఇచ్చేవాడు ఒకడు, డబ్బు కట్టేవాడు ఇంకొకడు. మా అకౌంటెంట్ శుక్రవారం పొద్దున కూర్చుని ఆ వారం బిల్లులన్నీ ఒకేసారి కడుతుంది. గురువారం రాత్రికి ఏ సందేహమూ లేకుండా ఉన్న ఇన్వాయిసు శుక్రవారం కడుతుంది. సందేహం ఉన్నది వచ్చే శుక్రవారానికి పోతుంది. అంతకు మించి రహస్యమేం లేదు.

ఇంకోటి. ఇన్వాయిసు నేరుగా సర్వీసు నుంచి ఊడిపడకూడదు. ముందు మామూలు మెయిల్ ఒకటి వెయ్యాలి, "ఇవాళ ఫలానా సర్వీసు నుంచి ఫలానా మొత్తానికి ఇన్వాయిసు వస్తుంది" అని. ఎందుకంటే దొంగ ఇన్వాయిసులు ఎక్కువైపోయాయి. ఎవడో పేపాల్ అనే పేమెంట్ సర్వీసులో ఖాతా తెరిచి ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇన్వాయిసు పంపుతాడు, నోట్‌లో "మీరు కొనలేదా? ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని రాస్తాడు. మెయిల్ నిజంగా పేపాల్ నుంచే వస్తుంది, లోపలున్నోడు దొంగ. అందుకని తెలియని పేరు కనిపిస్తే మావాళ్లు తెరవకుండానే తీసేస్తారు.

గోదారి_గట్టు
పేరు సంగతి వచ్చింది కాబట్టి చెప్తానండి. ఖాతాలో పేరు, పాన్‌లో పేరు, బ్యాంకులో పేరు మూడూ ఒకటే ఉండాలండి ఆయ్. మన తెలుగోళ్లకి ఇదో పెద్ద తద్దినం. నా పాన్‌లో ఇంటిపేరు మొత్తం విప్పి ఉంది, బ్యాంకు పాసుబుక్కులో ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు చివర. బ్యాంకు ఖాతా జత చేయబోతే పేరు కలవలేదని తిరగ్గొట్టారు. బ్యాంకుకెళ్లి పేరు మార్పించుకోడానికి నాలుగు సార్లు తిరిగాను. ఇంతా చేస్తే క్లయింటు నన్ను ఇంటిపేరుతో పిలుస్తాడండి. మా తాతగారిని పిలిచినట్టుంటది.

రాత్రి_షిఫ్టు
నన్ను "హాయ్ వెంకట" అంటారు. మా ఆఫీసులో ఆరుగురం ఉన్నాం వెంకటలం. ఒకడి పేమెంటు ఇంకొకడికి రాకపోవడం ఏడుకొండలవాడి దయ.

బెజవాడ_బొమ్మలు
ఇవన్నీ రాసుకుంటున్నా. ఇంకో సందేహం. బ్యాంకు ఖాతా కలిపేటప్పుడు "పర్పస్ కోడ్" అడిగింది. ఏదో సాఫ్ట్‌వేర్ అని కనిపిస్తే నొక్కేశా. తప్పా?

లెక్కల_మాస్టారు
ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను, కాబట్టి చెప్పే హక్కు కొంత ఉందనుకుంటా. బయటి దేశం నుంచి డబ్బు ఎందుకొచ్చిందో రిజర్వు బ్యాంకుకు తెలియడానికి పెట్టిన కోడు అది. పీ0802 అంటే సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ, పీ1007 అంటే ప్రకటనలు, ట్రేడ్ ఫెయిర్ల పని. మీరు బొమ్మలు గీస్తూ సాఫ్ట్‌వేర్ అని పెడితే ఇన్వాయిసులో ఒక మాట, బ్యాంకు కాగితంలో ఇంకో మాట అవుతుంది. రేపు ఎవరైనా అడిగితే జవాబు మీరే చెప్పుకోవాలి. సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. జాబితాలో మీ పనికి దగ్గరగా ఉన్నది ఏదో మీ బ్యాంకులో అడిగి పెట్టుకోండి.

వచ్చిన ప్రతి డబ్బుకూ ఫిరా దింపుకుని దాచండి. విదేశీ డబ్బు వచ్చిందని ఇచ్చే చీటీ అది. పేపాల్ నెలకొకసారి డిజిటల్‌గా ఇస్తుంది. మిగతా వాటిలో ఎలా ఇస్తారో ఖాతా తెరిచే ముందే చూసుకోండి. ఫిరా ఇవ్వని సర్వీసు ఎంత చవకైనా నా దృష్టిలో ఖరీదే.

కోడ్_కూలీ
మాస్టారూ జీఎస్టీ సంగతి కూడా చెప్పెయ్యండి. బయటి దేశానికి సర్వీసు అంటే అంతర్రాష్ట్ర సరఫరా లెక్క కాబట్టి మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలని మా ఫ్రెండు అంటున్నాడు.

లెక్కల_మాస్టారు
మీ ఫ్రెండు 2017 జులైలోనే ఆగిపోయాడు. అప్పట్లో ఆ భయం ఉండేది, నిజమే. ఆ ఏడాది అక్టోబరులోనే నోటిఫికేషన్ వచ్చింది. సర్వీసులు చేసేవాళ్లకు అంతర్రాష్ట్రమైనా సరే ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాలకూ సర్వీసుల మీద అదే పరిమితి. బొమ్మలమ్మ గారికి ఏడాదికి ఎంత వస్తుందో చెబితే తేలిపోతుంది.

బెజవాడ_బొమ్మలు
ఇక్కడివీ అక్కడివీ కలిపి ఆరేడు లక్షలు.

లెక్కల_మాస్టారు
అయితే ఇప్పటికి జీఎస్టీ జోలికి పోనక్కర్లేదు. ఇన్వాయిసు మీద "టాక్స్ ఇన్వాయిస్" అని మాత్రం రాయకండి, అది రిజిస్టర్ అయినవాళ్ల మాట. ఉత్త "ఇన్వాయిస్" చాలు.

20 లక్షలు దాటినవాళ్ల కోసం: ఎగుమతి మీద పన్ను సున్నా. కానీ ఊరికే సున్నా కాదు, పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తానని హామీ పత్రం, అంటే ఎల్‌యూటీ వేయాలి. ఫారం పేరు ఆర్‌ఎఫ్‌డీ-11, పోర్టల్లో పావుగంట పని, ఆర్థిక సంవత్సరానికి ఒకసారి. ఏప్రిల్‌లో కొత్తగా వేయడం మర్చిపోయి ఆగస్టులో మా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్లు ఏటా ఉంటారు. ఎల్‌యూటీ కింద, ఐజీఎస్టీ కట్టకుండా ఎగుమతి అని ఇన్వాయిసు మీద ఒక వాక్యం ఉండాలి. నంబరు 16 అక్షరాలు దాటకూడదు, గీత, స్లాష్ తప్ప వేరే గుర్తులు వద్దు. కొందరు క్లయింటు పేరు, ప్రాజెక్టు పేరు, రాశి ఫలం అన్నీ నంబర్లోనే ఇరికిస్తారు.

రాత్రి_షిఫ్టు
ఇంత తలనొప్పి ఎందుకు. క్లయింటు టెక్సాస్‌లో ఉంటే ఉండనీ, ఆవిడ చుట్టాలు ఎవరైనా హైదరాబాద్‌లో ఉంటే రూపాయల్లో జీపే కొట్టమనండి. ఫీజు సున్నా.

లెక్కల_మాస్టారు
బాబూ, ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకు. విదేశీ మారకంలో రావాలి, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన పద్ధతిలో రూపాయల్లో రావాలి. అప్పుడే అది జీఎస్టీ చట్టం దృష్టిలో ఎగుమతి. చుట్టం కొట్టిన జీపే ఎగుమతి కాదు. 20 లక్షల లోపు వాళ్లకు ఇవాళ తేడా తెలియకపోవచ్చు, కానీ ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించడానికి ఏ కాగితమూ ఉండదు.

సబ్‌టైటిల్_సుబ్బి
పేపాల్‌తో ఇక్కడి క్లయింటు దగ్గర డబ్బు తీసుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశం లోపల చెల్లింపులు ఆపేశారు. ఇప్పుడు బయట నుంచి వచ్చేవాటికే.

ఓరుగల్లు_పిలగాడు
నా ముచ్చట మర్శిపోయిన్రు అందరు.

సబ్‌టైటిల్_సుబ్బి
మర్చిపోలే. ఇన్వాయిసు ఎలా పంపావు?

ఓరుగల్లు_పిలగాడు
వాట్సాప్‌ల. మేనేజర్ అన్నకు. "సరే తమ్మీ" అని బొటనవేలు పెట్టిండు.

డాలస్_బాబాయ్
ఆ బొటనవేలు ఏకలవ్యుడిదిరా నాయనా. తెగిపోయింది, పనికిరాదు.

లెక్కల_మాస్టారు
హహ. పిలగాడూ, వాళ్ల అకౌంట్స్ మెయిల్‌కి ఇవాళే మళ్లీ పంపు. పాన్, బ్యాంకు వివరాలు, పని అప్పగించిన తేదీ అన్నీ ఉండాలి. వాట్సాప్ బొమ్మను కంపెనీ లెక్కల్లోకి ఎవరూ ఎక్కించరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందా? లేకపోతే చేసుకో, పైసా ఖర్చు లేదు, సొంతంగానే అవుతుంది. ఎవడైనా డబ్బు అడిగితే అది అసలు పోర్టల్ కాదని అర్థం. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు కట్టాలి, లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటిన బిల్లును కట్టేదాకా వాళ్లు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేరు. 2024 నుంచి మార్చి నెలలో కంపెనీలన్నీ పాత బిల్లులు వెతికి మరీ కట్టడానికి కారణం అదే.

ఒక్క చిక్కుంది. ఈ పని చేసేనాటికి నీకు రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ బిల్లుకు ఆ దెబ్బ గట్టిగా పనిచేయదు. రాబోయేవాటికి మాత్రం ఉద్యమ్ నంబరు ఇన్వాయిసు మీద పెట్టు.

గోదారి_గట్టు
ఆ నంబరు పెట్టాక మా లోకల్ క్లయింటు ఒకాయన గొంతు మారిందండి. అంతకుముందు "చూద్దాంలే" అనేవారు. ఇప్పుడు "ఎంతయిందండీ" అంటున్నారు.

ఓరుగల్లు_పిలగాడు
టీడీఎస్ కూడ పట్టుకుంటమన్నరు. ఇయ్యని పైసలల్ల పట్టుకునుడేందో.

లెక్కల_మాస్టారు
పట్టుకోవడం తప్పు కాదు. పట్టుకున్నది నీ పాన్ మీద కట్టిన పన్నులు చూపించే పట్టీ 26ఏఎస్‌లో కనిపిస్తోందో లేదో చూసుకో. కనిపిస్తే ఆ బిల్లును వాళ్లు పుస్తకాల్లో ఎక్కించుకున్నట్టే, "మాకు రాలేదు" అనడానికి ఉండదు.

ఓరుగల్లు_పిలగాడు
సూశిన. ఉంది!!! రెండు నెలల కిందనే ఎక్కించిన్రు. అంటే బిల్లు ఎప్పుడో పాసైంది, పైసలే ఇస్తలేరు. రేపు పొద్దుగాల ఆఫీసు ముంగట కూసుంట.

కోడ్_కూలీ
బొమ్మలమ్మ గారి ప్రశ్నకు మళ్లీ వద్దాం. 8 శాతం పోకుండా ఉండాలంటే వేరే దారులున్నాయి. అమెరికాలో మీ పేరు మీద డబ్బు అందుకునే ఖాతా నంబరు ఇచ్చే సర్వీసులు ఉన్నాయి, పేయోనీర్, స్కైడో లాంటివి. ఆవిడకు అది లోకల్ ట్రాన్స్‌ఫర్, అక్కడి బ్యాంకుల మధ్య జరిగే ఏసీహెచ్. కార్డు మధ్యలో లేదు కాబట్టి ఖర్చు తగ్గుతుంది. ఇటు మీకు రూపాయల్లో పడుతుంది, ఫిరా వస్తుంది. కొన్నిటిలో శాతం, కొన్నిటిలో స్థిరంగా ఇంత అని ఫీజు. 100, 200 డాలర్ల చిన్న బిల్లులకు స్థిర ఫీజే బరువు, పెద్ద వాటికి అదే చవక. నేరుగా బ్యాంకు వైరు అంటే ఆవిడ బ్యాంకు ఒక చార్జీ, మధ్యలో బ్యాంకు ఇంకో చార్జీ. 500 డాలర్లకు దండగ.

లెక్కల_మాస్టారు
ఇలాంటి దేశం దాటే చెల్లింపులు చూసే కంపెనీలకు రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న కొత్త నిబంధనలు పెట్టింది. అప్పుడు ఒక వస్తువుకు గానీ సర్వీసుకు గానీ 25 లక్షల దాకా పరిమితి పెట్టారు. మనలాంటి వాళ్లకు చాలా ఎక్కువే. ఎంచుకున్న సర్వీసుకు అనుమతి ఉందో లేదో చూసుకోండి.

రాత్రి_షిఫ్టు
అవన్నీ బాగానే ఉన్నాయి కానీ క్లయింటుకి కొత్త సర్వీసు పేరు చెబితే భయపడతాడు. కార్డు తీసి గీకడం అలవాటు వాళ్లకు. నేను 8 శాతం పోయినా పాత దాన్నే వాడతా. రెండ్రోజుల్లో డబ్బు పడటం ముఖ్యం.

సబ్‌టైటిల్_సుబ్బి
ఈ విషయంలో రాత్రి_షిఫ్టుతో ఏకీభవించను. కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి లాగొచ్చు. నాలుగేళ్ల కింద నాకు జరిగింది. పని ఇచ్చా, కట్టాడు, డబ్బు బ్యాంకుకి వచ్చింది, ఖర్చు కూడా అయిపోయింది. మూడు నెలల తర్వాత "అందలేదు" అని ఫిర్యాదు పెట్టాడు. ఖాతా మైనస్‌లోకి పోయింది. నా దగ్గర ఫైళ్లు పంపిన లింకు ఉంది కానీ, అతను దింపుకున్నాడన్న రుజువు లేదు. పార్సిలైతే ట్రాకింగ్ నంబరు ఉంటుంది, సబ్‌టైటిల్ ఫైలుకి ఏముంటుంది? పేపాల్‌లో అయితే డిస్ప్యూట్ వేయడానికి కట్టినవాడికి 180 రోజులు. ఆరు నెలలు! అందుకే ఇప్పుడు "అందాయి, బాగున్నాయి" అని మెయిల్లో ఒక్క ముక్క రాయించుకునే దాకా ఇన్వాయిసు పంపను. ఆ మెయిల్ తేదీ ఇన్వాయిసులో రాస్తా.

రాత్రి_షిఫ్టు
180 రోజులా! నాకు తెలీదు. ఇవాళ్టి నుంచి నేనూ రాయించుకుంటా.

డాలస్_బాబాయ్
తెలిసిన క్లయింటుకి కార్డు, తెలియని క్లయింటుకి సగం అడ్వాన్సు. ఇది మా వైపు వాళ్లం చెప్పకూడదు గానీ, అడిగితే ఇస్తాం. అడగరు మీరు. మొహమాటం.

బొమ్మలమ్మా, ఇంకొకటి వస్తుంది చూడు. పుస్తకాలు పెరిగితే ఆవిడ అకౌంటెంట్ పన్ను ఫారం అడుగుతుంది. పొరపాటున డబ్ల్యూ-9 పంపితే నింపకు, అది అమెరికా వాళ్లకు. నీది డబ్ల్యూ-8బెన్. అందులో నీ పాన్ నంబరు రాయొచ్చు. ప్రభుత్వానికి పంపక్కర్లేదు, ఆవిడకిస్తే తన ఫైల్లో పెట్టుకుంటుంది. పని ఇండియాలో కూర్చుని చేస్తున్నావు కాబట్టి అక్కడ పన్ను కోత ఉండకూడదు. అడిగేదాకా ఆగకుండా మొదటి ఇన్వాయిసుతోనే జతచేసి పంపితే ఆవిడ నిన్ను పదేళ్ల అనుభవం ఉన్నదాన్ని అనుకుంటుంది.

సీమ_టపాకాయ్
బిల్ నం. 1 చూసినాక కూడానా బాబాయ్?

అడ్మిన్
ఈ దారంలో ఎవరి చేదు అనుభవం చెప్పుకున్నా కంపెనీ పేరు పెట్టి తిట్టకండి. ఇప్పటిదాకా ఎవరూ తిట్టలేదు, సంతోషం. రెండు పోస్టుల్లో ప్రమోషన్ లింకులు తీసేశాను. "నా రిఫరల్ కోడ్ వాడండి" బ్యాచ్ దయచేసి పక్క వీధికి వెళ్లండి.

బెజవాడ_బొమ్మలు
మూడు వారాల తర్వాత వచ్చా, ఏం జరిగిందో చెబుదామని.

రెండో పుస్తకం పదహారు బొమ్మలు. మొదట్లోనే 720 చెప్పా, సగం ముందు అన్నా. చెబుతుంటే గొంతు వణికింది. ఆవిడ "షూర్" అని ఒక్క మాటతో సరే అంది. నేను అనవసరంగా రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నా. లోకల్ ఖాతా నంబరు ఇచ్చే సర్వీసులోకి మారా. పర్పస్ కోడ్ బ్యాంకులో అడిగి పెట్టుకున్నా. ఇన్వాయిసులో నెల పేరు అక్షరాల్లో, పుస్తకం పేరు, పేజీలు, గడువు అన్నీ రాశా. "/-" లేదు. దేవుడి బొమ్మ కూడా తీసేశా, అమ్మ కోప్పడింది. ముందురోజు మెయిల్ వేశా, డబ్ల్యూ-8బెన్ జతచేశా. మంగళవారం పంపితే శుక్రవారం కట్టారు. బాబాయ్ చెప్పినట్టే శుక్రవారం!

మొదటి 360కి అన్నీ పోగా 30 వేలకు నాలుగైదు వందలు తక్కువగా వచ్చింది. నంబరు 2526/014 పెట్టాను. మిగతా పదమూడు ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు.

సబ్‌టైటిల్_సుబ్బి
హహహ, నా నంబరే వేశారు.

ఓరుగల్లు_పిలగాడు
నాకు గూడ వచ్చినయ్. కూసోవుడు అక్కరపడలే. 26ఏఎస్ స్క్రీన్‌షాట్ అకౌంట్స్ మేడమ్‌కు మెయిల్ కొట్టిన, మూడు దినాలల్ల ఏసిన్రు. మాస్టారుకు దండం.

బెజవాడ_బొమ్మలు
ఇంకొక్కటి అడిగి పోతా. మొదటి పుస్తకంలో తాబేలు ఆకుపచ్చగా వద్దు, గోధుమ రంగు కావాలని ఇవాళ మెయిల్ పెట్టింది. ఏడు పేజీల్లో ఉంది ఆ తాబేలు. దీనికి కొత్త ఇన్వాయిసు పంపొచ్చా?

డాలస్_బాబాయ్
ఎన్నిసార్లు మార్పులు ఉచితమో మొదటి ఇన్వాయిసులో గానీ మెయిల్లో గానీ రాశావా?

బెజవాడ_బొమ్మలు
లేదు.

డాలస్_బాబాయ్
అయితే గోధుమ రంగు కలుపుకో తల్లీ.